ఇంట్లో చదివిన బిడ్డకు ట్రాన్స్‌క్రిప్ట్ రాయడం

మా అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ఇంట్లోనే చదువుకుంది. హనుమకొండలో మా ఇంటి ముందు గదిలో, తూర్పు కిటికీ కింద వేసిన టేకు బల్ల మీదనే ఆ ఐదేళ్ళ చదువూ సాగింది. ఆమె అమెరికాలోని కొన్ని కళాశాలలకూ మన దేశంలోని కోర్సులకూ దరఖాస్తు చేసుకున్న ఏడాది, మామూలుగా బడి ఆఫీసు నుంచి వెళ్ళే కాగితాలన్నీ మా ఇంటి నుంచే వెళ్ళవలసి వచ్చింది. వాటిలో నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టినది ట్రాన్స్‌క్రిప్ట్.

మన దగ్గర మార్కుల మెమో అంటే అందరికీ తెలుసు. ఒక పరీక్షకు ఒక మెమో. ట్రాన్స్‌క్రిప్ట్ అలాంటిది కాదు. తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్ళలో విద్యార్థి ఏ సంవత్సరం ఏ కోర్సులు చదివిందో, ఒక్కో కోర్సుకు ఎన్ని క్రెడిట్లో, ఏ గ్రేడు వచ్చిందో ఒకటి రెండు పేజీల్లో చూపే పత్రం అది. అమెరికాలో దానిని ఉన్నత పాఠశాల తయారు చేసి, సంతకం పెట్టి, నేరుగా కళాశాలకు పంపుతుంది. ఇంట్లో చదివిన బిడ్డ విషయంలో ఆ సంతకం తల్లిదే, లేకుంటే తండ్రిదే. కాజీపేట నుంచి, కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి నాకు ఫోను చేసిన తల్లులందరూ అడిగిన ప్రశ్న కూడా ఇదే: “అక్కా, తల్లి ఏసిన గ్రేడును కాలేజీవాళ్ళు నమ్ముతరా?”

నమ్ముతారు. అయితే ఆ గ్రేడు వెనుక ఏ పని జరిగిందో చూపగలిగినప్పుడే నమ్ముతారు. ఆ చూపడం ఎట్లాగో వివరంగా రాయాలని ఇన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

దానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మన దేశంలోని విశ్వవిద్యాలయాలలో, ప్రవేశ పరీక్షలలో తల్లి రాసిన ట్రాన్స్‌క్రిప్ట్ చెల్లదు. అక్కడ గుర్తింపు ఉన్న బోర్డు ఇచ్చిన పది, పన్నెండు సర్టిఫికెట్లు ఉండాలి. కాబట్టి బిడ్డ విదేశాలకే వెళ్తుందని ఎంత గట్టిగా అనుకున్నా జాతీయ ఓపెన్ స్కూల్ బోర్డు ఎన్ఐఓఎస్‌లో గానీ, మన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలో గానీ చేర్పించి పరీక్షలు రాయించమనే నేను చెబుతాను. పదిహేడేళ్ళ పిల్ల మనసు మారవచ్చు, ఇంటి పరిస్థితి మారవచ్చు, వీసా రాకపోవచ్చు. అప్పుడు ఇక్కడి తలుపు మూసుకుపోయి ఉంటే ఆ తప్పు మనదే అవుతుంది.

మేము ఎన్ఐఓఎస్‌ను ఎంచుకున్నాము. 1989లో జాతీయ ఓపెన్ స్కూల్‌గా మొదలై 2002లో ఇప్పటి పేరు పొందిన ఈ బోర్డులో, పదో తరగతికి సమానమైన సెకండరీలో చేరడానికి పద్నాలుగేళ్ళు, సీనియర్ సెకండరీలో చేరడానికి పదిహేనేళ్ళు నిండాలి. సర్టిఫికెట్‌కు కనీసం ఐదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒక భాష తప్పనిసరి. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లోనూ అక్టోబరు-నవంబరు నెలల్లోనూ పబ్లిక్ పరీక్షలు జరుగుతాయి. ఒకసారి నమోదైతే ఐదేళ్ళలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి కనుక, సబ్జెక్టులను విడతలుగా రాసుకోవచ్చు. ఇంటి చదువుకు ఇంత అనువైన ఏర్పాటు మరొకటి నాకు కనిపించలేదు. జేఈఈ మెయిన్ రాయాలనుకునే పిల్లలు పన్నెండులో ఐదు సబ్జెక్టులకు తగ్గకుండా చూసుకోవాలి. మరొక సంగతి మన వరంగల్‌వాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఎన్ఐటీలలో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు ఉంటాయి. ఎన్ఐఓఎస్ విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందుతుందన్నది ఆమె అధ్యయన కేంద్రం ఏ రాష్ట్రంలో ఉందన్న దానిని బట్టి నిర్ణయిస్తారు. సౌకర్యంగా ఉందని వేరే రాష్ట్రంలోని కేంద్రంలో నమోదు చేయిస్తే, కాజీపేట స్టేషనుకు దగ్గరలోనే ఉన్న ఎన్ఐటీలో మన బిడ్డ పరాయి రాష్ట్రపు అభ్యర్థి అవుతుంది.

స్థానికత విషయంలో మేము పడిన ఇబ్బంది కూడా ఇక్కడే చెప్పాలి. ఒక కార్యాలయంలో సర్టిఫికెట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు, బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి తొమ్మిది నుంచి వరుసగా స్టడీ సర్టిఫికెట్లు అడిగాడు. ఇంట్లో చదివిందని చెబితే, “బడికి పోకుంటే స్టడీ సర్టిఫికెట్ ఎట్ల వస్తది మేడం, అది లేకుంటే లోకల్ కింద రాయరాదు” అని ఫైలు వెనక్కి నెట్టాడు. రెండుసార్లు తిరిగి వచ్చాము. నిజానికి 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల కాలం నుంచి నిబంధనలో రెండు దారులు ఉన్నాయి: అర్హత పరీక్ష నాటికి వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఇక్కడి విద్యాసంస్థలలో చదివి ఉండడం ఒకటి, ఆ నాలుగేళ్ళలో మొత్తంగా గానీ కొంతకాలం గానీ ఏ సంస్థలోనూ చదవకపోతే, పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఇక్కడ నివసించి ఉండడం రెండోది. మాకు వర్తించేది రెండోది. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి నివాస ధ్రువీకరణ పత్రం తెచ్చి, నిబంధన ముద్రించిన పేజీని దానికి జతచేసి మూడోసారి ఇచ్చాక పని జరిగింది. మీరు మొదటిసారే ఆ పేజీ ప్రింటు తీసి చేతిలో పెట్టుకొని వెళ్ళండి. నిబంధనలు సవరిస్తూ ఉంటారు కాబట్టి మీ బిడ్డ రాసే సంవత్సరపు నోటిఫికేషన్‌లో ఉన్న మాటలనే ప్రింటు తీయండి.

ఇక ట్రాన్స్‌క్రిప్ట్ సంగతి. దీనికి మూలం రోజువారీ రికార్డు. జూనియర్ కళాశాలలో పదకొండేళ్ళు గణితం చెప్పిన దానినే అయినా, మొదటి ఏడాది ఈ విషయంలో నేను పొరపాటు చేశాను. నోటు పుస్తకాలు ఉన్నాయి కదా, చాలులే అనుకున్నాను. పదకొండో తరగతిలో ట్రాన్స్‌క్రిప్ట్ పట్టిక గీసుకొని కూర్చున్నప్పుడు తొమ్మిదో తరగతి వరుస దగ్గర చేయి ఆగిపోయింది. ఏ పాఠం ఎప్పుడు మొదలైందో, ఎన్ని గంటలు పట్టిందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకాల తేదీలు, నోటు పుస్తకాల మూలల్లో అమ్మాయి వేసిన తేదీలు, ఫోనులోని ఫోటోలు ముందు వేసుకొని పదిహేను రోజులు పాత సంవత్సరాన్ని తిరిగి పేర్చుకున్నాను. చిత్రలేఖనం మాత్రం ఎంత వెతికినా నిలబడలేదు. ఆమె వారానికి మూడు రోజులు బొమ్మలు వేసేదని నాకు తెలుసు, కానీ గంటల లెక్క లేదు, బొమ్మల్లో చాలావరకు పోయాయి. ఆ కోర్సును ట్రాన్స్‌క్రిప్ట్‌లో చేర్చలేదు. ఇప్పటికీ అది తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

పదో తరగతి నుంచి ఎర్ర అట్ట లాంగుబుక్కు ఒకటి బల్ల మీదే ఉండేది. ప్రతి రాత్రి భోజనాలయ్యాక అమ్మాయే అందులో ఆ రోజు చదివిన సబ్జెక్టు, అధ్యాయం, గంటలు రాసేది. నేను వారం చివర చూసి సంతకం పెట్టేదాన్ని. రోజుకు ఐదు నిమిషాల పని. దరఖాస్తుల ఏడాది కళాశాలలు అడిగే ప్రశ్నలలో చాలావాటికి జవాబు ఆ పుస్తకంలో దొరికింది.

క్రెడిట్ అన్నది గంటల లెక్క. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ నుంచి నడుస్తున్న కార్నెగీ యూనిట్ పద్ధతిలో, ఒక సబ్జెక్టులో సుమారు 120 గంటల బోధన జరిగితే ఒక క్రెడిట్. ఏడాది పొడవునా సాగిన గణితానికి ఒకటి, ఆరు నెలల చిన్న కోర్సుకు అర. ఇంట్లో ఒక్క బిడ్డకు చెప్పేటప్పుడు పాఠం త్వరగా అయిపోతుంది కదా, అప్పుడు గంటలు తక్కువ పడవా అని కరీంనగర్ తల్లి అడిగారు. ఏడాదికి సరిపడే పాఠ్యపుస్తకం పూర్తిగా చదివి, లెక్కలన్నీ చేసి, పరీక్ష రాసి ఉంటే, గంటలు కొంచెం తగ్గినా దానికి ఒక క్రెడిట్ ఇవ్వడంలో తప్పులేదు. అయితే ఒకే పనిని రెండు కోర్సుల కింద చూపకూడదు. భౌతికశాస్త్రంలో చేసిన ప్రయోగాన్ని ఇంకొక పేరుతో మరో అర క్రెడిట్ చేయాలన్న ఆశ నాకూ కలిగింది, మానుకున్నాను.

గ్రేడుల దగ్గరే అసలు పరీక్ష ఎదురైంది, అదీ నాకు. తొమ్మిదో తరగతి వరుస పూరిస్తూ హిందీ ఎదురుగా ‘ఏ’ అని రాశాను. ఆమె కష్టపడింది, సినిమాలు చూసి అర్థం చేసుకునేది, నాకు అది చాలనిపించింది. పక్కనే కూర్చుని కాగితాలు సర్దుతున్న అమ్మాయి ఆ గడి చూసి, “అమ్మా, హిందీకి ‘ఏ’ ఎందుకు ఏసినవ్? నాకు ఉత్తరం రాయరాదు కదా” అన్నది. “మాట్లాడుతవు గద బిడ్డా” అన్నాను. “మాట్లాడుడు వేరు. ఏడాది ఆఖరి పరీక్షల ఎనభై రెండు వచ్చినయ్ నాకు. అందుల ఉన్నదే ఎయ్యి” అని ఆ జవాబు పత్రం ఫైలులోంచి తీసి నా ముందు పెట్టింది. నేను దిద్దిన పత్రమే, నా చేతి ఎర్ర సిరా. మా కొలమానం ప్రకారం 90 నుంచి 100 వరకు ‘ఏ’, 80 నుంచి 89 వరకు ‘బి’. రబ్బరు తీసుకొని చెరిపేసి ‘బి’ రాశాను.

ఆ సాయంత్రం నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి కోర్సుకూ గ్రేడు దేని మీద ఆధారపడుతుందో కోర్సు మొదలయ్యే రోజే రాసిపెట్టాలి: పరీక్షలకు ఎంత, రాతపనికి ఎంత, ప్రయోగాలకు ఎంత. తరువాత తల్లి మనసు కరిగినా కాగితం కరగదు. అన్ని గడులలోనూ ‘ఏ’లు నింపిన ట్రాన్స్‌క్రిప్ట్ చదివేవారికి ఎంత అనుమానం కలిగిస్తుందో, కళాశాలలో వేల పత్రాలు దిద్దిన నాకు తెలియాలి. మన బిడ్డ మీద ప్రేమతో ఆ సంగతిని మరిచిపోతాము.

జీపీఏ, అంటే గ్రేడు పాయింట్ల సగటు, లెక్క కష్టమైనది కాదు. ‘ఏ’కు 4, ‘బి’కి 3, ‘సి’కి 2 పాయింట్లు వేసి, క్రెడిట్లతో గుణించి, మొత్తాన్ని క్రెడిట్ల సంఖ్యతో భాగించాలి. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో గణితం, ఇంగ్లీషు, తెలుగు, సాంఘికశాస్త్రం నాలుగూ ఒక్కో క్రెడిట్, ‘ఏ’. సైన్సు ఒక క్రెడిట్, ‘బి’. హిందీ అర క్రెడిట్, ‘బి’. ఊరి చెరువుల మీద మేమే రూపొందించుకున్న కోర్సు అర క్రెడిట్, ‘ఏ’. పాయింట్లు 16, 3, ఒకటిన్నర, 2, మొత్తం 22.5, క్రెడిట్లు 6, జీపీఏ 3.75. ఎన్ఐఓఎస్ మార్కులను మాత్రం ఈ లెక్కలో కలపవద్దు. బోర్డు ఇచ్చిన మార్కులను ఉన్నవి ఉన్నట్టు వేరే పెట్టెలో చూపి, మార్కుల పత్రం నకలు జతచేయాలి. మన బోర్డులలో 80 మార్కులంటే మంచి మార్కులు. దానిని నేరుగా అమెరికా కొలమానంలోకి మారిస్తే ‘బి’గా కనబడి బిడ్డకు అన్యాయం జరుగుతుంది. బోర్డు పరీక్ష, అమెరికా కళాశాలలు చూసే శాట్, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల వంటి బయటి మార్కులు ట్రాన్స్‌క్రిప్ట్‌లోని మన గ్రేడులకు సాక్షులు. తల్లి గణితంలో ‘ఏ’ వేసి, బయటి పరీక్షలో గణితం బాగా తగ్గితే చదివేవారు దేనిని నమ్ముతారో చెప్పనక్కరలేదు.

చెరువుల కోర్సు గురించి అడిగినవారు ఎక్కువ, కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను. ట్రాన్స్‌క్రిప్ట్‌లో కోర్సు పేరు ఒక్క పంక్తే ఉంటుంది. దానికి వివరణ వేరే పత్రంలో ఇవ్వాలి. ఏ పుస్తకాలు చదివింది, ఏమి రాసింది, ఏమి చేసింది, గ్రేడు ఎట్లా వేశాము అన్నవి ఒక్కో కోర్సుకు ఒక పేరా చాలు. పాఠ్యపుస్తకం ఉన్న గణితం, సైన్సులకు రెండు వాక్యాలతో సరిపెట్టవచ్చు. ఇంట్లో రూపొందించుకున్న కోర్సులకు మాత్రం ఈ వివరణే ప్రాణం.

మేము ఆ కోర్సుకు కాకతీయుల కాలపు నీటి వ్యవస్థ అని పేరు పెట్టాము. 1213 నాటి శాసనం ఉన్న పాలంపేట రామప్ప గుడికి, దాని పక్కనే ఉన్న చెరువుకు రెండుసార్లు వెళ్ళాము. పాకాలకు ఒకసారి. అసలు పని జరిగింది మాత్రం నర్సంపేట దగ్గర మా అమ్మమ్మ ఊరి చెరువు మీద. ఆ ఊరి నీరటి, అంటే చెరువు నీళ్ళు వదిలి పంచే మనిషి, డెబ్బై దాటిన పెద్దాయన, కట్ట మీద నిలబడి తూము ఎట్లా తెరుస్తారో, ఆయకట్టు చివరి మడి దాకా నీళ్ళు ఎన్ని గంటల్లో చేరతాయో చెబుతుంటే అమ్మాయి రాసుకుంది. వానాకాలంలో చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్నప్పుడు వెళ్ళి, గుర్తులు గీసిన వెదురు కర్రతో మత్తడి మీది నీటి లోతు కొలిచింది. అంగుళాలలో కొలిచి సెంటీమీటర్లలోకి మార్చుకుంది. మత్తడి పొడవు టేపుతో కొలిచి, సెకనుకు ఎన్ని లీటర్ల నీరు బయటికి పోతుందో భౌతికశాస్త్రంలోని సూత్రంతో లెక్క కట్టింది. నీరటి ఆ అంకె విని, “గట్లయితే రెండు రోజులల్ల కింది చెరువు నిండుతది బిడ్డా” అన్నాడు. అమ్మాయి మూడో రోజు ఫోను చేసి కనుక్కుంది, నిండింది. ఈ సంగతులన్నీ కోర్సు వివరణలో నూట యాభై మాటల్లో రాశాము: చదివిన గంటలు 62, క్షేత్ర సందర్శనలు ఐదు, ఇరవై పేజీల నివేదిక ఒకటి. నీరటి మాటను ఆమె నివేదికలో యథాతథంగా తెలుగులో ఉంచి, కింద ఇంగ్లీషు అర్థం ఇచ్చింది. వంద బడుల ట్రాన్స్‌క్రిప్ట్‌లలో ఉండే పేర్ల మధ్య ఇటువంటి కోర్సు ఒకటి ఉండడం ఇంటి చదువుకున్న గొప్ప బలమని నా నమ్మకం. మన చుట్టూ చెరువులు ఉన్నాయి, కొత్తవాడ మగ్గాలు ఉన్నాయి, ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి ధరల పలక ఉంది. వాటితో నిజంగా చదువు జరిగితే, దానిని సిగ్గుపడకుండా కోర్సుగా రాయండి.

అమెరికాలోని అనేక కళాశాలలకు ఒకే చోట దరఖాస్తు చేసుకునే వెబ్‌సైటు కామన్ యాప్ ద్వారా దరఖాస్తు చేసేటప్పుడు విద్యార్థి తల్లినో తండ్రినో కౌన్సెలర్‌గా చూపాలి. కౌన్సెలర్‌కు ఈమెయిల్ వస్తుంది. ఖాతా తెరిచి పాఠశాల నివేదిక నింపి, ట్రాన్స్‌క్రిప్ట్, స్కూల్ ప్రొఫైల్, కౌన్సెలర్ లేఖ ఎక్కించాలి. స్కూల్ ప్రొఫైల్ అంటే ఇంటి చదువు ఎందుకు ఎంచుకున్నాము, ఎవరు ఏ సబ్జెక్టు చెప్పారు, గ్రేడుల కొలమానం ఏమిటి, ఎన్ఐఓఎస్ అంటే ఏమిటి అన్నవి ఒక పేజీలో చెప్పడం. ఉపాధ్యాయుల సిఫారసు లేఖలు మాత్రం ఇంట్లోవాళ్ళు రాయకూడదు. మా అమ్మాయికి రసాయనశాస్త్రం చెప్పిన విశ్రాంత అధ్యాపకుడు ఒకరు, వారాంతాల్లో ఆమె పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్ళిన గ్రంథాలయ బాధ్యురాలు ఒకరు రాశారు. బయటివారితో కనీసం ఒక సబ్జెక్టైనా చెప్పించాలని తొమ్మిదో తరగతిలోనే అనుకోవడం ఇందుకే మంచిది. చివరి నిమిషంలో సిఫారసు రాయగల మనిషి దొరకరు.

పత్రం రూపం గురించి పెద్దగా చెప్పేది లేదు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన పిల్లల ఇంటిపేరు ఒక కాగితంలో ముందూ, మరో కాగితంలో చివరా ఉంటుంది; అన్నింటినీ ముందే సరిచేసుకోండి. పుట్టిన తేదీ, చిరునామా, చదువు పూర్తయ్యే తేదీ, కొలమానం, సంతకం, తేదీ ఉంటే చాలు. రంగులూ ముద్రలూ అక్కరలేదు, లేని బడికి పేరు పెట్టి ముద్ర చేయించడం అసలే వద్దు. నోటరీ అడిగిన కళాశాలకు మాత్రం చేయించి పంపాము.

దరఖాస్తు నాటికి పన్నెండో తరగతి కోర్సులు నడుస్తూనే ఉంటాయి; వాటి ఎదురుగా గ్రేడు ఖాళీ ఉంచి, కొనసాగుతున్నట్టు రాయాలి. సంవత్సరం మధ్యలో ఒక నివేదిక, చదువు ముగిశాక తుది ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి. మా తుది ప్రతి జూన్ రెండో వారంలో వెళ్ళింది. ఆ రాత్రి ఎర్ర లాంగుబుక్కులో ఆఖరి పంక్తి అమ్మాయి రాసింది, నేను ఎప్పటిలాగే పక్కన సంతకం పెట్టాను.